నలభై ఒకటో ఆకు

బుధవారం, ఉదయం పది గంటలు

చిరంజీవి మనవరాలికి,

అమ్మమ్మ ఆశీస్సులు. ఇక్కడ నేను క్షేమం. మోకాళ్ళు క్షేమం కావు, వాటి సంగతి వేరే ఉత్తరంలో వాటినే రాసుకోమన్నాను. నువ్వు వేళకు తింటున్నావనీ, ఆ పాత కాగితాల దుమ్ములో ముక్కుకి గుడ్డ కట్టుకుంటున్నావనీ తలుస్తాను.

ముందుగా ఒక దిద్దుబాటు. ఆదివారం ఫోనులో నువ్వు, "పెద్దతాతది రాతిగుండె అమ్మమ్మా, అంత ఉత్తరానికి రెండు మాటలా జవాబు?" అన్నావు. అది తప్పు. అప్పుడే చెప్పవలసింది, చెప్పకుండా ఊ కొట్టాను. ఊ కొట్టినంత మాత్రాన ఒప్పుకున్నట్టు కాదు. మీ తాతయ్య మాటలకి నలభై ఏడేళ్ళు ఊ కొట్టాను.

ఫోనులోనే చెప్పొచ్చు కదా అంటావు. ఫోనులో నువ్వు మధ్యలో మాట్లాడతావు. ఉత్తరానికైతే ఆ బాధ లేదు, ఎంత కోపం వచ్చినా చివరిదాకా వినాల్సిందే. రేపు పొద్దున పక్కింటి నర్సమ్మ డ్యూటీకి వస్తూ ఈ కవరు గ్రంథాలయంలో నీ చేతికిస్తుంది. శనివారం మీ ప్రదర్శన తలుపులు తెరిచేలోగా నువ్వు ఒక కార్డు మార్చాలి. ఈ ఉత్తరమంతా ఆ కార్డు కోసమే.

మా నాన్నగారి ఉత్తరం పక్కన పెట్టడానికి నువ్వు రాసి, ఫోనులో చదివి వినిపించిన ముక్క నాకు కంఠతా వచ్చేసింది. "ఊరి నిర్మాత తన కుమారుడికి రాసిన క్షమాపణ లేఖ, నకలు. ఒక మహనీయుడు కన్నకొడుకు ముందు తలవంచిన ఘట్టం. దీనికి కుమారుడి జవాబు పక్కన చూడండి." పక్కన మా అన్నయ్య, అంటే నీ పెద్దతాత, రాసిన చిన్న కాగితం. అందులో రెండే మాటలు: "అందింది. అర్థమైంది." ఊళ్ళో జనం వరసగా నిలబడి అటు చదివి, ఇటు చదివి, పెదవి విరుచుకుంటూ బూట్ల అద్దాలపెట్టె దగ్గరికి వెళ్తారు. అరవై రెండేళ్ళుగా నోటిమాటగా ఉన్న నింద, శనివారం నుంచి అచ్చులో ఉంటుంది. పైగా ఆ రోజు అన్నయ్య కూతురు వస్తోంది. వాళ్ళ నాన్న గురించి ఆ అమ్మాయి మొదట చదవబోయేది నువ్వు రాసిన కార్డు.

బూట్లంటే గుర్తొచ్చింది. నువ్వు కార్డులో రాసినట్టు అవి మా నాన్నగారివి కావు. నాన్నగారి పాదం చిన్నది, ఆయన దర్పానికి ఏ చెప్పులు చాలేవో ఎవరికీ తెలియదు. అవి అన్నయ్య బూట్లు. వాటి సంగతి తర్వాత చెబుతాను.

రెండోది, ఆ ఇనప యంత్రం. "బట్టల మడతలు నొక్కు సాధనం" అని కార్డు పెట్టావట. నవ్వుకి నా పక్కటెముకలు పట్టేశాయి. మా ఇంట్లో మడతలు నొక్కడానికి మా అమ్మ అరచేయి ఉండేది. అది కాపీ ప్రెస్సు, ఉత్తరాలకి నకళ్ళు తీసేది. అదెలా పనిచేస్తుందో నీకు తెలిస్తేగానీ మిగతాది అర్థం కాదు కనుక, కాస్త పాఠంలా ఉన్నా ఓర్చుకో.

నాన్నగారు ఈ నేలకి వచ్చినప్పుడు ఇక్కడ ముళ్ళపొదలు తప్ప ఏమీ లేవని నువ్వు బడిలో చదువుకున్నావు. నిజమే. రెండు గుడారాలు, ఒక కొలత గొలుసు, నలుగురు మనుషులతో వచ్చారు. కొండ మీది నీటిని కాలవ తవ్వి దింపారు. నీరు రాగానే మనుషులు వచ్చారు, మనుషులకి వీధులు గీశారు, వీధులకి పేర్లు పెట్టారు. చాలావరకు తన పేరే. ఇప్పుడు ఆ కూడలిలో చెయ్యి చాచి నిలబడ్డ విగ్రహం ఉందే, దారి చూపిస్తున్నట్టు చెక్కానని శిల్పి అన్నాడు. నాకు మాత్రం ఎవరినో బయటికి పొమ్మంటున్నట్టే ఉంటుంది. పోలిక బాగా కుదిరింది.

ఆయనకి టైపుమిషను గిట్టదు. "చెయ్యి కనిపించని ఉత్తరాన్ని నమ్మకూడదు" అనేవారు. తను రాసిన ప్రతి ఉత్తరానికీ నకలు ఉండాలి. నకలు లేకుండా కాగితం గడప దాటకూడదు, అది మా ఇంటి చట్టం. కాలవ కచేరీ ఉత్తరాల నకళ్ళు గుమాస్తా తీసేవాడు. ఇంటి ఉత్తరాలకి వేరే పుస్తకం ఉండేది, నీ దగ్గరున్న ఎర్ర అట్టది. అది నా చేతిలో ఉండేది. పద్నాలుగో ఏట నాకు అప్పగించారు. మిగతా ఆడపిల్లలకి అప్పటికి గొలుసో గాజులో వచ్చేవి.

పని ఇలాగ. ఉత్తరం రాసే సిరా వేరు, తడి తగిలితే మళ్ళీ కరుగుతుంది. పుస్తకంలో ఆకులన్నీ ఉల్లిపొర కాగితాలు, వెనకున్నది ముందుకి కనిపించేంత పల్చన. కింద మైనపు గుడ్డ పరిచి, దానిపైన ఒక తెల్లటి అడుగు కాగితం, దానిపైన ఉత్తరం వెల్లకిలా, ఆ పైన పుస్తకంలోని ఉల్లిపొర ఆకు. ఆకుని కుంచెతో తడిపి, మీద ఇంకో మైనపు గుడ్డ వేసి, పుస్తకం మూసి, ప్రెస్సులో పెట్టి చక్రం బిగించాలి. నూట ఇరవై అంకెలు లెక్కపెట్టి విప్పాలి. సిరా ఉల్లిపొరలోకి దిగుతుంది, నకలు తయారు. ఆకు మీద అంకె వేసి, జాబితాలో ఎక్కించి, అసలు ఉత్తరాన్ని మడిచి కవర్లో పెట్టాలి. అడుగు కాగితం మళ్ళీ వాడుకోవాలి.

అన్నిటికన్నా ముఖ్యమైన నియమం: తడి సిరా అలుక్కుపోతుంది కనుక తీసిన ఉత్తరాన్ని విప్పి చూడకూడదు. తియ్యడం, బోర్లా తిప్పడం, మడవడం, కవర్లో పెట్టడం. పైగా ఒకరి ఉత్తరం ఇంకొకరు చదవకూడదు అనేది నాన్నగారి మర్యాద. నేను చదివేదాన్నని ఆయనకి తెలుసు. నేను చదవనట్టు ఇద్దరం నటించేవాళ్ళం. ఇంటికొచ్చిన పెద్దమనుషులకి నన్ను చూపించి, "మా అమ్మాయి పుస్తకంలో ఉందంటే, అది వెళ్ళినట్టే" అనేవారు. ఆయన నన్ను పొగిడింది ఆ ఒక్క మాటతోనే. దాంతోనే నా నడుము నిటారుగా ఉండేది.

ఇక అన్నయ్య. నాకన్నా నాలుగేళ్ళు పెద్ద. ఊరంతా "గొలుసు" అని పిలిచేది, ఎందుకంటే ఏడో ఏటి నుంచీ నాన్నగారి వెనక కొలత గొలుసు రెండో కొన పట్టుకుని నడిచాడు. పొడుగు మనిషి, తక్కువ మాటలు. నేలను చూస్తే చాలు, నీరు ఎటు పోతుందో చెప్పేవాడు. నన్ను "చిన్నీ" అనేవాడు. నా జడ పొడుగు కొలిచి, "మన కాలవ కన్నా ఇది వంకర తక్కువ" అని గోడ మీద రాసిపెట్టేవాడు. అమ్మ ఆ గోడకి సున్నం కొట్టనిచ్చేది కాదు.

గొడవ దిగువ వీధి దగ్గర మొదలైంది. కూలీల కుటుంబాల కోసం నాన్నగారు అక్కడ గీత గీశారు. అన్నయ్య కొలిచి, ఆ నేల మూడు అడుగులు పల్లమనీ, కాలవ ఎప్పుడు పొంగినా నీళ్ళు ముందు అక్కడికే వస్తాయనీ అన్నాడు. అరవైమంది పనివాళ్ళు వింటుండగా అన్నాడు, అదే అతని తప్పు. నాన్నగారు అతని చేతిలోంచి గొలుసు లాక్కున్నారు. "ఇది పట్టుకోవడం నీకు నేర్పింది నేను. నాకు నేలపాఠం చెబుతావా? చెప్పాలనుంటే నీ ఊరు నువ్వు కట్టుకుని అక్కడ చెప్పు" అన్నారు. అన్నయ్య నాన్నగారి చేతిలోంచి జారిన గొలుసుని వంగి తీసి, లింకు మీద లింకు పేర్చి చుట్టి, చెయ్యాల్సిన పని పూర్తిచేసినట్టు గుమాస్తా బల్ల మీద పెట్టి, రోడ్డెక్కాడు. ఇంటికి కూడా రాలేదు. అందుకే రెండో జత బూట్లు ఇక్కడే ఉండిపోయాయి.

నిజం చెప్పాలంటే, వెళ్ళాక అన్నయ్య మూడు ఉత్తరాలు రాశాడు. నీ మూడో పెట్టెలో ఉన్నాయి. ఎక్కడో దూరపు పట్నంలో రోడ్ల కొలతల పని దొరికిందనీ, నాన్నగారు రమ్మంటే వస్తాననీ. నాన్నగారు చదివి పక్కన పెట్టేవారు. అమ్మ నెలకొకసారి ఆ బూట్లకి నూనె రాసేది. తోలు ఎండితే బీటలు వారుతుందని చెప్పేది. మేం అడక్కపోయినా చెప్పేది.

రెండేళ్ళ తర్వాత పెద్ద వానలకి కాలవగట్టు తెగింది. దిగువ వీధిలో పదకొండు ఇళ్ళు కూలాయి. మనుషులు బతికారు, అంతవరకే. నాన్నగారు నడుంలోతు నీళ్ళలో నిలబడి, చేతికర్రతో లోతు కొలుచుకోవడం నేను చూశాను. సరిగ్గా మూడు అడుగులు. ఆ వారమే ఆ ఉత్తరం రాశారు, నువ్వు కార్డులో "మహనీయుడు తలవంచిన ఘట్టం" అన్నది. ఆయన అందులో, "నువ్వు కొలిచిందే సరైనది. నేను నేలను చూడలేదు, అరవైమంది ముఖాలు చూశాను. ఇంటికి రా. గొలుసు రెండో కొన పట్టుకోవడానికి ఎవరూ లేరు" అని రాశారు. అప్పటికే అమ్మకి ఊపిరితిత్తుల జబ్బు ముదిరింది, మంచం మీద ఉంది. చివర్లో ఆమె చెప్పిన వాక్యం కూడా నాన్నగారే రాశారు: "నీ బూట్లకి నూనె రాసి ఉంచాను, పాదం పెరగలేదు కదా అని అమ్మ అడుగుతోంది."

దానికి జవాబు పదకొండో రోజున వచ్చింది. నాన్నగారు నిలబడే చదివారు. మడిచి కళ్ళజోడు పెట్టెలో పెట్టుకున్నారు. అమ్మ మంచం మీంచి, "ఏమన్నాడు?" అంది. "అందిందట" అన్నారు. "వస్తాడా?" అంది. "అర్థమైందట" అన్నారు. అమ్మ ఆ నెల కూడా బూట్లకి నూనె రాయించింది, నా చేత. ఆ నెలాఖరుకి పోయింది. అన్నయ్యకి కబురు పంపనా అని గుమాస్తా అడిగితే, "అర్థమైనవాడికి మళ్ళీ చెప్పడం దేనికి?" అన్నారు నాన్నగారు.

ఇప్పుడు నువ్వు ఆదివారం నవ్వుతూ చెప్పిన సంగతికి వస్తాను. "పెద్దతాత కూతురు రాసింది అమ్మమ్మా, ఆవిడ కళ్ళజోళ్ళు అమర్చే దుకాణం నడుపుతుందట. వాళ్ళ నాన్న సామాన్లలో మన ఇంటి నుంచి వచ్చిన కవరు ఒకటుందట, లోపల తెల్లకాగితం. ప్రదర్శనకి తెస్తానంటోంది. తెల్లకాగితాన్ని ఏం చేసుకోను?" అన్నావు. అంతటితో ఆగలేదు. ఆవిడ చిన్నప్పుడు వాళ్ళ నాన్న ఆ కాగితాన్ని కిటికీ దగ్గర వెలుతురుకి పట్టి చూస్తూ ఉండేవాడట. పెద్దయ్యాక ఆవిడే దుకాణంలో ఉన్న భూతద్దాలన్నీ పెట్టి చూసిందట, ఏదైనా కనిపించని సిరా ఉందేమో అని. "పాపం, పిచ్చిది" అన్నావు.

పిచ్చిది కాదు. ఆ కవరు మీద అక్షరాలు నావి. లోపలున్నది అడుగు కాగితం.

నకలు తీసిన రోజు నాకు గుర్తుంది. వాన. మధ్యాహ్నం నాలుగింటికి టపా బస్సు. పంపుహౌసు దగ్గర మీ తాతయ్య నిలబడి ఉన్నాడు, అప్పటికింకా తాతయ్య కాదు, గట్టిగా దువ్విన జుట్టున్న కుర్ర ఫిట్టరు. ఆయన కోసం నేను తొందరపడటం నా జన్మలో అదే మొదలు, అదే ఆఖరు. కుంచె రెండుసార్లు ముంచాను. నీళ్ళు ఎక్కువైతే ఉత్తరం ఉల్లిపొరకి అంటుకుంటుంది. నేను విప్పి చూడకూడదు కదా, కింద చేతికి తగిలిన కాగితం తీశాను, బోర్లా తిప్పాను, మడిచాను, కవర్లో పెట్టాను. నియమం ఒక్కటి కూడా తప్పలేదు.

రెండేళ్ళు ఎదురుచూసిన కొడుక్కి, తండ్రి ఇంటి నుంచి, చెల్లెలి చేతిరాతతో ఒక కవరు వెళ్ళింది. లోపల తెల్లకాగితం. నీతో చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదని తండ్రి అన్నట్టే కదా. దానికి ఆ పిల్లవాడు ఏం రాస్తాడు? అందింది. అర్థమైంది. ఆ రెండు మాటలు రాయడానికి అతనికి ఎంతసేపు పట్టిందో అని ఆలోచిస్తే నాకు అన్నం సయించడం లేదు.

ఈ సంగతి నాకు ఆదివారం నీ ఫోనుతోనే తెలిసింది. ఇన్నాళ్ళూ నేనూ ఊరితో పాటే, వాడికి మనసు విరిగిందనే అనుకున్నాను. అసలు ఉత్తరం ఏమైందంటావా, తడిసిన కాగితం, ఏ చిత్తు కాగితాలతోనో కలిసి పొయ్యిలోకి పోయి ఉంటుంది. దాని గురించి వెతకవద్దు.

కనుక నువ్వు చెయ్యవలసింది: ఆ కార్డు తీసెయ్యి. "ఈ ఉత్తరం రాయబడింది, వెళ్ళలేదు. వెళ్ళినది తెల్లకాగితం. అది పంపినది కూతురు, పొరపాటున" అని రాయి. నా పేరు పెట్టు, నాకేం సిగ్గు లేదు. ఆవిడ తెచ్చే తెల్లకాగితాన్ని నకలు పక్కన, అదే పెట్టెలో, అంతే వెలుతురులో పెట్టు. బూట్ల కార్డు మార్చు. ఇనప యంత్రం కార్డు మార్చకపోయినా పరవాలేదు, జనం కాసేపు నవ్వుకుంటారు.

ఇంకొకటి. ఎర్ర పుస్తకంలో నలభై ఒకటో ఆకు, నలభై రెండో ఆకు తేమకి అంటుకుపోయాయనీ, బైండింగు మేస్త్రీ చేత విడదీయిస్తాననీ అన్నావు. వద్దు. ముసలి కాగితం, చిరుగుతుంది. నలభై ఒకటో ఆకు మీద నకలు మిగతావాటి కన్నా ఎంతో నల్లగా, స్పష్టంగా వచ్చిందని మెచ్చుకున్నావు. అది నా చేతి వాటం అనుకో. దాన్ని అలాగే ఉండనివ్వు.

శనివారం రిబ్బను కత్తిరించడానికి నన్నే పిలిచారట. వస్తాను. కుర్చీ ముందు వరసలో వెయ్యి, చైర్మను పక్కన మాత్రం వద్దు, ఆయన ఉపన్యాసం ఒకసారి విన్నాను, నాకు మిగిలిన రోజులు తక్కువ.

ఆరోగ్యం జాగ్రత్త. మీ అమ్మకి విడిగా రాస్తాను.

ఆశీస్సులతో,
అమ్మమ్మ

తా.క. — నర్సమ్మ డ్యూటీ మారిందట, శుక్రవారం గానీ రాదు. కవరు అంటించలేదు. నిన్నటి నుంచీ ఈ ఉత్తరం బల్ల మీదే ఉంది. ఇవాళ గురువారం, మధ్యాహ్నం. మళ్ళీ మొదటి నుంచి చదివాను. బడిపిల్ల వ్యాసంలా శుభ్రంగా ఉంది. అందులో ఒక అబద్ధం ఉంది.

ఆదివారం నాకు ఏమీ కొత్తగా తెలియలేదు.

అమ్మ పోయిన నాలుగో రోజున నాన్నగారు మా మేనమామకి కబురు రాశారు. నకలు తియ్యమని ఇచ్చారు. అన్నయ్యకి రాసిన ఉత్తరం తర్వాత ఆ పుస్తకంలో అదే మొదటి ఉత్తరం. పుస్తకం తెరిచి నలభై ఒకటో ఆకు తిప్పాను. దాని వీపుకి అంటుకుని అసలు ఉత్తరం ఉంది. నాన్నగారి చేతిరాత, చివర అమ్మ మాట, బూట్లు, అన్నీ. అమ్మ లేదు. జవాబు నాన్నగారి కళ్ళజోడు పెట్టెలో ఉంది. అన్నయ్యకి ఏం వెళ్ళిందో ఆ నిమిషంలోనే నాకు తెలిసిపోయింది.

నాన్నగారు పక్కగదిలోనే ఉన్నారు. మధ్యలో ఒక గుడ్డ తెర. "అయిందా అమ్మా?" అన్నారు. నేను, "అయింది నాన్నగారూ" అన్నాను.

అంతే. ఆ తర్వాత గోందు సీసా తీసి నలభై ఒకటీ నలభై రెండూ ఆకుల అంచులు కలిపి అంటించేశాను. మేనమామ ఉత్తరాన్ని నలభై మూడో ఆకు మీద దించాను. జాబితాలో నలభై రెండు లేకపోవడం నువ్వు గమనించే ఉంటావు. నకలు అంత నల్లగా కనిపించడానికి నా చేతి వాటం కారణం కాదు. ఉల్లిపొర వెనక అసలు అక్షరాలు నిలబడి ఉన్నాయి. అరవై రెండేళ్ళుగా అందరూ చదువుతున్నది రెండు ఉత్తరాల్ని ఒకేసారి.

ఎందుకు చెప్పలేదంటే ఏం చెప్పను? మొదటి రోజు భయం. తర్వాతదంతా మర్యాద. మా అమ్మాయి పుస్తకంలో ఉందంటే అది వెళ్ళినట్టే అన్న మనిషి, నాలుగేళ్ళపాటు నా ఎదురుగా కూర్చుని, ఆ కళ్ళజోడు పెట్టె తెరిచి, కళ్ళజోడు తీసుకోకుండానే మూసేవాడు. చివరి వరకూ అంతే. నేను అన్నం వడ్డించేదాన్ని.

నాన్నగారు పోయాక అన్నయ్య దగ్గరికి వెళ్ళాను. ఈ సంగతి ఇంతవరకూ ఎవరికీ తెలియదు. మీ తాతయ్యకి పళ్ళ డాక్టరు అని చెప్పాను. అన్నయ్య పట్నంలో రోడ్డు పక్కన గొలుసు పట్టుకుని ఉన్నాడు, రెండో కొన ఎవరో కుర్ర ఉద్యోగి చేతిలో. నన్ను చూడగానే గొలుసు చుట్టి పెట్టి, టీ బడ్డీ దగ్గరికి తీసుకెళ్ళాడు. బెంచీ తుడిచి కూర్చోబెట్టాడు. "జడ కత్తిరించేశావేంటి చిన్నీ?" అన్నాడు. చెప్పేద్దామని నోరు తెరిచాను. అతనే ముందు, "ఒక్కటే అడుగుతాను, పోయేలోగా ఆ తెల్లకాగితం సంగతి అమ్మకి తెలిసిందా?" అన్నాడు.

"తెలియదన్నయ్యా" అన్నాను.

"అది చాలు" అన్నాడు. గ్లాసు కింద పెట్టి నవ్వాడు కూడా. నేను చెప్పింది నిజమే. సగం నిజం చెప్పడం నాకు అప్పటికే బాగా అలవాటైపోయింది. ఆ నవ్వు చెడగొట్టలేక ఊరుకున్నానని బస్సులో నాకు నేను చెప్పుకున్నాను. ఆ మాట నేను ఎప్పుడూ నమ్మలేదు. ఆ తర్వాత నలభై ఏడేళ్ళు బతికాడు. నలభై ఏడేళ్ళు కిటికీ దగ్గర ఆ కాగితాన్ని వెలుతురుకి పట్టి చూశాడని నాకు తెలియదు. అది ఒక్కటే ఆదివారం తెలిసింది.

కార్డు మీద "పొరపాటున" అన్న మాట కొట్టెయ్యి. పొరపాటు నెల రోజులే. మిగతా అరవై రెండేళ్ళకి ఏ మాట సరిపోతుందో నువ్వే వెతుకు, చదువుకున్నదానివి.

నేను శనివారం రాను. అన్నయ్య కూతురు, మీ అత్త, ఆ అసలు ఉత్తరం చదివాక రమ్మంటే, ఏ రోజైనా వస్తాను.

ఇక పని చెబుతాను, జాగ్రత్తగా విను. ఈ ఉత్తరం శుక్రవారం పొద్దున నీకు అందుతుంది. అందగానే బైండింగు మేస్త్రీని పిలువు. ఆయన అలవాటు కొద్దీ ఆవిరి పెట్టి విడదీస్తానంటాడు, పెట్టనివ్వకు. ఆ సిరా తడికి కరిగిపోతుందని చెప్పానుగా. పదును లేని సన్న బద్దతో, పొడిగా, కింది కుడిమూల నుంచి మొదలుపెట్టమను. ఆ మూల బొటనవేలంత గోందు రాయకుండా వదిలేశాను, ఎందుకు వదిలానో అప్పుడు నాకూ తెలియదు. ఉత్తరం బయటికి వచ్చాక ప్రదర్శనలో పెట్టకు. మూడు మడతలు మడిచి, మామూలు తెల్ల కవర్లో పెట్టు. పైన పేరు నువ్వు రాయి, నా చేతిరాత ఆ ఇంటికి ఒకసారి వెళ్ళింది చాలు. అద్దాలపెట్టెలోంచి బూట్లు తీసి సంచిలో వేసుకో. ముందు కాస్త నూనె రాయి. మీ అత్త శనివారం తొమ్మిదిన్నర బస్సుకి వస్తుందన్నావు కదా, బస్టాండుకి నువ్వే వెళ్ళు, ఎవరినీ పంపకు. హాల్లోకి తీసుకురాకముందే, అక్కడే బెంచీ మీద కూర్చోబెట్టి ఇవ్వు. పక్కన కూర్చో, మాట్లాడకు. వాన వచ్చేలా ఉంది, పెద్ద గొడుగు తీసుకెళ్ళు. నువ్వు తడిసినా పరవాలేదు, కవరు మీద చుక్క పడనివ్వకు.